విలువిద్య: కొలతయు నిలుకడయు



మన ప్రాంతమున రామమందిరము లేని గ్రామము అరుదు. ఊహ తెలిసిన నాటి నుండి విల్లు పట్టిన స్వామిని చూచుచునే యున్నాము. కాని ఆయన ఆ వింటిని ఎట్లు పట్టెనో పరికించిన వారు మనలో ఎందరు? మంచి శిల్పి మలచిన విగ్రహమున ఆ చేయి వింటిని అదిమి పట్టదు. వ్రేళ్లు దానిపై ఆని యుండును, అంతే. అందము కొరకే అట్లు చెక్కిరని తోచవచ్చును గాని, విలువిద్యలో మొదటి పాఠములలో అదియు నొకటి. ఆ విద్యలో రెండు విషయములను గూర్చి నేడు మనవి చేసెదను. వింటి నారిని ఎంతవరకు లాగవలెను? లాగునపుడు దేహము ఎట్లు నిలువవలెను?

ఈ విద్య యిప్పుడు మనకేల యని కొందరు అడుగవచ్చును. తుపాకి వచ్చి తరములు గడచినవి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటయు నిషిద్ధమైనది. నిజమే. కాని అదే 1972లో మ్యూనిచ్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో, అర్ధశతాబ్దమునకు పైబడిన విరామము తరువాత, విలువిద్యకు మరల స్థానము లభించినది. ఒకే యేట విల్లు వేటకు దూరమై ఆటకు దగ్గరయ్యెను. మన తెలుగునాట విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండు విల్లుతో 3 స్వర్ణపతకములు గెలిచినది. విజయవాడ వాడే యైన బొమ్మదేవర ధీరజ్, 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడల మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగవ స్థానమున నిలిచెను. ఈ వార్తలు మన పల్లెలకును చేరినవి. సీతంపేట, కురుపాము వైపు కొండపల్లెల పిల్లలును, బొబ్బిలి, పాలకొండ వైపు మైదానపు పిల్లలును "తాతా, నాకొక విల్లు కొని పెట్టుము" అని అడుగుచున్నారు. కొని యిచ్చువారు పెద్దలు. మానుమని చెప్పువారును పెద్దలే. అందుచేత ఈ ప్రసంగము పిల్లలకంటె మీకే ఎక్కువ అవసరమని నా తలంపు. ఉపాధ్యాయుడుగా ఉన్న దినములలో పిల్లలను పోటీలకు తోడ్కొని పోయి, శిక్షకులు చెప్పుచుండగా ప్రక్కన నిలిచి, వింటిని గూర్చి చాల వింటిని. దానికి మన శాస్త్రములలోని మాటలను జోడించి చెప్పుచున్నాను.

బాల్యమున అమరకోశము వల్లె వేసిన వారికి ఈ విద్యలోని మాటలు క్రొత్తవి కావు. వింటి నడుమ చేయి పట్టు చోటు లస్తకము. వింటి కొన అటని. నారి దెబ్బ తగులకుండ ముంజేతికి కట్టుకొను తోలు గోధ. విలుకాడు నిలుచు తీరులు ఐదని అమరసింహుడే సూచించెను. అవి సమపదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము అని వ్యాఖ్యాతలు వివరింతురు. అగ్నిపురాణమున ధనుర్వేదమునకు ప్రత్యేకముగా అధ్యాయములు కలవు. వైశాఖస్థానమున పాదముల నడుమ మూడు జేనల యెడ ముండవలెననియు, మోకాళ్లు వంగరాదనియు అందు చెప్పబడినది. జేన 9 అంగుళములని లెక్కించినచో అది 27 అంగుళములు. నేటి శిక్షకులు భుజముల వెడల్పున నిలువుమందురు. అది యింతకంటె కొంత తక్కువ. కొలత మారినను, పాదములే విద్యకు పునాది యను మాట మారలేదు.

వసిష్ఠుని పేర ప్రచారమందున్న ధనుర్వేదసంహితలో ఇంకొక ముఖ్యమైన సంగతి కలదు. నారిని లాగి ఆపు చోటును బట్టి లాగుడునకు వేరువేరు పేరులు పెట్టిరి. కేశమూలము వఱకు లాగినది కైశికము. చెవి వఱకు లాగినది వత్సకర్ణము. మెడ వఱకు లాగినది భరతము. భుజము వఱకు లాగినది స్కంధము. ఇందలి మర్మమేమి? నారి ఆగవలసినది శరీరమున పేరుగల ఒక చోట. బలమున్నంత వఱకు లాగి, బలము చాలని చోట విడుచుట విద్య కాదు. ప్రతి బాణమునకును చేయి ఒకే చోటికి రావలెను.

నేటి ఒలింపిక్ పోటీలలో వాడు రికర్వు వింటితో నారి చెవి దాక పోదు. చూపుడు వ్రేలు దవడ క్రింద ఆనును. నారి గడ్డమును, ముక్కు కొనను తాకును. పై వ్రేలు బాణపు పుంఖమునకు మీదుగా, తక్కిన రెండు వ్రేళ్లు క్రిందుగా ఉండును. బొటన వ్రేలికి పనియే లేదు. ఇచ్చట నాకు ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. గురుదక్షిణగా బొటనవ్రేలు కోసి యిచ్చిన పిమ్మట అతడు తక్కిన వ్రేళ్లతోనే నారి లాగెననియు, మునుపటి వేగము మాత్రము రాలేదనియు వ్యాసభారతమున నున్నది. అనగా నాటి క్షత్రియులు బొటనవ్రేలితో లాగెడివారు. ఏకలవ్యుడు విధిలేక పట్టిన పద్ధతి వంటిదే నేడు ఒలింపిక్ పోటీలలో నడచుచున్నది. విద్య ఒక వ్రేలితో ముగిసిపోదని దీని వలన తెలియుచున్నది.

ఇక కొలత. ఎవరు ఎంత లాగవలెను? దీనికి మన భాషలోనే ఒక సాధనము కలదు. బావిత్రాడు కొలుచునపుడు మనము బార లెక్క వాడుదుము గదా. రెండు చేతులు చాచినపుడు ఒక నడిమివ్రేలి కొన నుండి రెండవ నడిమివ్రేలి కొన వఱకు గల పొడవే బార. బిడ్డను గోడకు ఆనించి నిలిపి, చేతులు భుజముల యెత్తున చాపించి, లాగి సాగదీయక, ఆ బారను అంగుళములలో కొలువుడు. దానిని రెండున్నరతో భాగింపుడు. వచ్చినదే ఆ బిడ్డ లాగవలసిన పొడవునకు సుమారు కొలత. బార 60 అంగుళములైన 24 అంగుళములు. 65 అయిన 26. 70 అయిన 28. ఇది ఆరంభమునకు చాలిన లెక్క. తరువాత శిక్షకుడు ప్రత్యక్షముగా చూచి అర అంగుళము అటునిటు సవరించును. ఎదుగు వయస్సున బార ఏటేట పెరుగును గనుక ఆరు నెలల కొకసారి మరల కొలువవలెను.

బార ఎవరిది వారిదే. తండ్రి బారతో కొన్న విల్లు కొడుకునకు పనికిరాదు. అన్న విల్లు చెల్లెలికి పనికిరాదు. చొక్కా వదులైనచో మడచి తొడుగవచ్చును. వింటిని మడువ వీలులేదు.

కొలతతో పాటు బరువును చూడవలెను. వింటిపై 30 పౌనులని వ్రాసియున్న, అది 28 అంగుళములు లాగినపుడు చేతికి తగులు బరువు. సామాన్యమైన వింట ఒక్కొక్క అంగుళము తగ్గినకొలది సుమారు 2 పౌనులు తగ్గును, పెరిగినకొలది పెరుగును. పెద్దవానికైనను ఆరంభమున 20, 25 పౌనులు చాలును. పిల్లలకు అంతకంటెను తక్కువ. కాంపౌండు వింటి సంగతి కొంత వేరు. దానికి చక్రములుండును. లాగవలసిన పొడవును వింటిలోనే అమర్తురు, తుదకు చేరునప్పటికి బరువు చాల తగ్గిపోవును. ఆ వింటి మిశ్రమ జట్టు పోటీని 2028వ సంవత్సరపు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో చేర్చుటకు 2025లో నిర్ణయించిరి. కాని అమరిక తప్పిన కాంపౌండు విల్లును, బార మించిన రికర్వు విల్లును చేయు కీడు ఒక్కటే.

ఆ కీడు ఎట్టిదో నాకు తెలిసిన ఒక బాలిక సంగతి చెప్పెదను. కొండ దిగువ గ్రామమున ఒక రైతు మనుమరాలికి పదమూడేండ్ల వయస్సున విలువిద్యపై మనసు పోయినది. ఆమె పినతండ్రి పట్నము నుండి ప్రేమతో ఒక విల్లు తెచ్చెను. పెరిగిన మగవాని విల్లది, 30 పౌనులు. బాణములు 29 అంగుళములు. ఆ బాణము పొడవునకు తగినట్లు లాగవలెనని ఆమె తల వెనుకకు వాల్చి, నడుము వంచి, విల్లు పట్టిన మోచేతిని బిగదీసి లాగెడిది. ప్రతి బాణమునకును నారి ముంజేతిని కొట్టి నల్లని కదుములు కట్టినవి. రెండు నెలలలో కుడి భుజము నొప్పి పట్టి కుండ ఎత్తలేని స్థితి వచ్చెను. ఇంట అందరును "ఆడపిల్లకు విల్లేల? చేయి పాడైన రేపు ఎవరు చేసికొందురు?" అనిరి. తాత మాత్రము నాతో సంప్రదించెను. బార కొలిచితిమి. సరిగా 60 అంగుళములు. ఆమె లాగవలసినది 24. లాగుచున్నది 27. భుజము నొప్పి తీరువఱకు విల్లు ముట్టవలదని వైద్యుడు చెప్పెను. ఆ పిమ్మట పాఠశాల నుండి 16 పౌనుల విల్లు ఎరువు తెచ్చి, 26 అంగుళముల బాణములతో మరల మొదలిడినది. బాణము లాగు కొలతకంటె ఒకటి రెండు అంగుళములు పొడవుండుట క్షేమము. పొట్టిదైనచో వింటి లోపలికి జారి చేతిలోనికి దూయు ప్రమాదము కలదు. మూడు నెలలలో కదుములు మానినవి. ఆ యేడు పోటీలో ఆమెకు పతకమేమియు రాలేదు. వట్టి చేతులతో ఇంటికి వచ్చినది. ఐనను, మానుమని ఎవరును అనలేదు. చేయి చెడగొట్టినది విద్య కాదనియు, కొలత తప్పిన విల్లనియు ఇంటివారు కన్నులార చూచిరి.

కొలత కుదిరిన పిదప నిలుకడ. సీతంపేట సంతలో ఒక సవర వృద్ధునితో మాటలాడు భాగ్యము నాకు కలిగినది. వెదురు వింటితో పెరిగినవాడు. బలమైన వింటిని ఇంత సన్నని చేతులతో ఎట్లు లాగుదువని అడిగితిని. "విల్లు లాగీది సెయ్యి కాదు బాబూ, ఈపు" అనెను. గ్రంథములలో పుటలకొలది వ్రాసినది అతడు నాలుగు మాటలలో చెప్పివేసెను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నడుమ తిరిగి, వారి భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణము ప్రకటించిరి. వ్యావహారిక భాషకై పోరాడిన ఆ మహనీయుడు నా గ్రాంథికమును విని నవ్వుకొనునేమో గాని, కొండవాని నోట శాస్త్రమున్నదని మొదట మనకు నేర్పినది ఆయనయే.

వీపుతో లాగుటయన నేమి? పాదములు భుజముల వెడల్పున నిలిపి, బరువు రెంటిపై సమముగా ఉంచవలెను. నడుము వెనుకకు విరువరాదు. వింటిని బొటనవ్రేలి మొదటి కండపై ఆనించి, వ్రేళ్లు వదులుగా విడువవలెను. అదిమి పట్టినచో విల్లు ప్రక్కకు తిరుగును. ఆ చేతి మోచేతిని కొంచెము బయటికి త్రిప్పినచో నారి ముంజేతిని కొట్టదు. విల్లెత్తునపుడు భుజములు చెవుల వైపు పైకి లేవరాదు. లాగునపుడు ఱెక్క యెముకలు రెండును ఒకదాని వైపు ఒకటి జరుగుచున్నట్లు తోచవలెను. చేయి దవడ క్రింద ఆనినప్పుడు, బాణము, ముంజేయి, మోచేయి ఒకే గీతలో నుండవలెను. తల నారి యొద్దకు పోరాదు. నారియే ముఖము నొద్దకు రావలెను. విడుచుట యనగా వ్రేళ్లు విప్పుట కాదు, పట్టు సడలించుట. వీపు లాగుచునే యుండును గనుక చేయి తానై మెడ వైపు వెనుకకు పోవును. బాణము గుఱిని చేరువఱకు విల్లు దించరాదు.

లాగుడు చాలనివానికి వేరొక అవస్థ కలుగును. మోచేయి గీత దాటి బయటికి వచ్చును. వీపు పనిచేయక భారమంతయు ముంజేతిపై పడును. చేయి వణకును. అందుచేత అతి తక్కువయు చెఱుపే.

ఇంతటి సూక్ష్మమేల యని శంకింపవచ్చును. త్రైరాశికము వేసి చూతము. ఒలింపిక్ పోటీలో గుఱి 70 మీటర్ల దూరమున ఉండును. గుఱిపలక అడ్డుకొలత 122 సెంటిమీటర్లు. నడుమ 10 గుణములిచ్చు వలయపు అడ్డుకొలత 12.2 సెంటిమీటర్లు. బాణము పొడవు సుమారు 70 సెంటిమీటర్లనుకొందము. 70 మీటర్లు దానికి నూరు రెట్లు. కావున దవడ వద్ద నారి చేయి ఒక్క మిల్లీమీటరు క్రిందికి జారినచో, గుఱి వద్ద బాణము నూరు మిల్లీమీటర్లు, అనగా 10 సెంటిమీటర్లు తప్పును. నడిమి వలయపు కేంద్రము నుండి అంచునకు 6.1 సెంటిమీటర్లే. ఒక్క మిల్లీమీటరు తేడాతో బాణము ఆ వలయము దాటిపోవును. ఇట్లే లాగుడు అర అంగుళము మారినచో సుమారు ఒక పౌను బలము మారి బాణము ఎగువకో దిగువకో పోవును. ఇందుకే రికర్వు విలుకాండ్రు వింటికి ఒక చిన్న రేకు అమర్చుకొందురు. బాణపు మొన దానిని దాటగానే అది టక్కుమనును. లాగుడు నిండినదని అదియే గుర్తు.

బలము గలవాడే విలుకాడగునను భ్రమ మనలో బలముగా నున్నది. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినని యింట మనము పుట్టలేదు. వారి బలము లోకవిఖ్యాతము. కాని ఊపిరిని నిలుపు నేర్పు లేనిదే ఆ బలము లేదని వారిని చూచినవారు చెప్పెడివారు. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము గెలిచిన మన ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి ఎత్తినది బరువే. ఐనను వీపు వంగిన తీరున ఎత్తియున్నచో ఆ బరువు ఆమెనే పడద్రోసెడిది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడలో బరువులెత్తు పిల్లలను చూచినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు. బలము వచ్చిన పిమ్మట తీరు దిద్దుకొందమనువాడు తప్పును బలపఱచుకొనును.

సాధనకు పెద్ద మైదానము వలదు. ఎత్తైన గడ్డిమోపును గట్టిగా కట్టి, దాని వెనుక మట్టిగట్టు ఉండునట్లు చూచి, ఐదడుగుల దూరమున నిలిచి, గుఱి లేకయే మొదటి నెల బాణములు వేయింపుడు. అంత దగ్గర బాణము తప్పదు గనుక కన్నులు మూసికొనియైనను వేయవచ్చును. అప్పుడు బిడ్డ మనసు గుఱి మీద గాక వీపు మీద నిలుచును. ఒక్క దినమున నూఱు వేసి నాలుగు దినములు మానుటకంటె దినమునకు ముప్పది వేయుట మేలు. భుజమున నొప్పి కలిగిన దినమున విల్లు ముట్టరాదు.

ఇక జాగ్రత్తలు. బాణము సంధింపని వింటిని లాగి విడువరాదు. విల్లు విఱిగి ముఖముపై పడవచ్చును. ఎవరి వైపునను వేళాకోళమునకైనను బాణము చూపరాదు. ఆకాశము వైపు వేయరాదు. అందరును వేయుట ముగించువఱకు బాణములు ఏరుకొనుటకు ఎవరును ముందునకు పోరాదు. ఇంట చిన్నపిల్లలున్నచో అమ్ములు తాళము వేసిన పెట్టెలో ఉండవలెను.

పెద్దలారా, తుదకు మీ పని యేమో చెప్పి విరమించెదను. విలుకానికి తన మోచేయి తనకు కనబడదు. ఎంత ప్రవీణుడైనను, తన తల ఎటు వాలినదో, భుజము ఎంత లేచినదో అతడు చూచుకొనజాలడు. వెనుక ఒకరు నిలిచి చూడవలసినదే. ద్రోణుడు శిష్యుల నందరిని ఒకే ప్రశ్న అడిగెను గదా. ఆ ప్రశ్న కంటిని గూర్చి. మీరు దేహమును గూర్చి మూడు ప్రశ్నలు వేసికొనుడు. భుజములు సమముగా నున్నవా? నడుము నిటారుగా నున్నదా? బాణము, ముంజేయి, మోచేయి ఒకే గీతలో నున్నవా? ఇందుకు విల్లు ఎత్తిన అనుభవము అక్కరలేదు. నాగటిచాలు వంకర పోయినదో లేదో గట్టు మీద నుండి చెప్పగల కన్నే చాలును. ఆ కన్ను మన పల్లెలలో ప్రతి పెద్దకును కలదు. ఉదయము ఎండ ముదురక ముందు ఒక్క అరగంట బిడ్డ వెనుక నిలువుడు. మగబిడ్డయైనను ఆడబిడ్డయైనను.

సెలవు.